సన్నదనమా, సత్తువ లేకపోవడమా?

(అమరావతిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకిచ్చిన అంశం ‘కౌమార బాలికలు – ఆరోగ్యకరమైన జీవనం’. వినటానికి బాగానే వుంది. ప్రభుత్వ కరపత్రాల్లోనూ, మన ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ అందరం రాసే మాటే. కానీ రాసుకోవటానికి కూర్చుంటే కలం కదల్లేదు. ఈ అంశం మీద మనం చెప్పే సలహాలన్నీ ఆ పిల్లకే చెబుతున్నాం. ఇది తిను, అది తినకు, పొద్దున్నే నడువు, త్వరగా పడుకో, ఫోను చూడకు. ఆ పిల్ల కంచంలో ఏం పడాలో నిర్ణయించేవాళ్ళకి మాత్రం ఒక్క సలహా కూడా చేరటం లేదు. అందుకని అంశాన్ని కొంచెం పక్కకి తిప్పుతున్నాను, నిర్వాహకులు క్షమించాలి. పధ్నాలుగు, పదహారేళ్ళ పిల్ల తన ఒంటిని ఎవరి కళ్ళతో చూసుకుంటోంది, ఆ చూపు ఆమె తిండిని ఏం చేస్తోంది అన్న దగ్గర మొదలు పెడతాను.

నిన్న మధ్యాహ్నానికే అమరావతి చేరాను. బయటివాళ్ళకి ఇప్పుడు అమరావతి అంటే రాజధాని. నేనంటున్నది ఈ ఊరు, అమరేశ్వరుడి గుడీ స్తూపమూ వున్న పాత ఊరు. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు ఇది పల్నాడు జిల్లాలోకి వచ్చింది. సాయంత్రం ఖాళీగా వుండి మ్యూజియంకి వెళ్ళాను. ఇక్కడి శిల్పాల్లో ఎక్కువభాగం చెన్నైకీ లండన్‌కీ తరలిపోయాయి గానీ కొన్ని మిగిలాయి. సన్నటి నడుము, విశాలమైన కటి, నిండైన వక్షం వున్న ఆడవాళ్ళు ఆ రాళ్ళ మీద వున్నారు. స్కూలు పిల్లల గుంపొకటి వచ్చింది. ఇద్దరు ఆడపిల్లలు ఒక శిల్పం దగ్గర ఆగి, ‘దీని నడుం చూడవే, రాత్రిపూట అన్నం మానేసుంటది’ అని నవ్వుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. తరవాత చాలాసేపు ఆ మాటే చెవిలో వుండిపోయింది.

అదే స్తూపానికి రాళ్ళు, స్తంభాలు దానం చేసినవాళ్ళ పేర్లు బ్రాహ్మీ లిపిలో చెక్కి వున్నాయి. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామందే వున్నారు. భిక్షుణులు, గృహిణులు, తల్లులు, కూతుళ్ళు. తమ సొమ్ము ఇచ్చి, తమ పేరు చెక్కించుకున్న ఆడవాళ్ళు. ఆ సంగతి ఆ పిల్లలకి చెప్పేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. వాళ్ళకి కనపడింది నడుమే.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట మిరపకాయ కోతల కాలంలో పల్నాడులోనే ఒక ఊళ్ళో అమ్మాయిలతో మాట్లాడటానికి వెళ్ళాను. ఊరి పేరు చెప్పను. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పిల్ల ఒకతి, సెలవు రోజుల్లో తల్లితో పాటు కాయలు కోయటానికి పోయేది. చీకటితో లేచి, ఇంటి పనిలో సాయం చేసి, పొలానికి వెళ్ళి, సాయంత్రం వచ్చి చదువుకునేది. పల్చగా, చురుగ్గా వుండేది. నేను వెళ్ళగానే అందరి ముందూ, ‘అబ్బ, నువ్వు అదృష్టవంతురాలివే, ఏం తిన్నా లావు కావు’ అన్నాను. ఎందుకన్నానంటే ఏం చెప్పను? మన నోటికి అలవాటైన పలకరింపు అది. ఆ పిల్ల సంతోషంగా నవ్వింది. నెల తిరక్కుండా ఆ ఊళ్ళో రక్తపరీక్షలు జరిగితే ఆ పిల్లకి హిమోగ్లోబిన్ ఎనిమిది కూడా లేదు. ఆ వయసు పిల్లకి కనీసం పన్నెండు వుండాలి. తీరిగ్గా కూర్చుని మాట్లాడితే తేలిందేమంటే, అక్క పెళ్ళికి లంగా ఓణీలో ఫొటోలు బాగా రావాలని రెండు నెలలుగా రాత్రి అన్నం మానేసింది. అంతకు ముందు కూడా పొద్దున తిని పోయేంత తీరిక ఏనాడూ లేదు. ‘మీరు కూడా బాగున్నానన్నారు కదా మేడం’ అంది. సామాజికశాస్త్రంలో డాక్టరేటు వున్న నేను రక్తహీనతని చూసి నాజూకుదనం అని సర్టిఫికెట్ ఇచ్చి వచ్చాను.

ఇవాళ చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. మన భాషలో ‘సన్నగా వుంది’ అన్న ఒక్క మాటలో రెండు వేరు వేరు విషయాలు కలిసిపోయాయి. తిండి చాలక సన్నబడటం, అందం కోసం సన్నబడటం. ఒకటి పేదరికమనీ, రెండోది పట్నంలో డబ్బున్నవాళ్ళ పిల్లల పోకడ అనీ మనం విడదీసి చూస్తూ వచ్చాం. ఇప్పుడా రెండూ ఒకే ఇంట్లో, ఒకే పిల్ల ఒంట్లో వున్నాయి. పైగా రెండోది మొదటిదాన్ని కప్పేస్తోంది. ఆకలికి గౌరవనీయమైన పేరొకటి దొరికింది, డైటింగ్ అని.

లెక్కలు కొన్ని చూద్దాం, ఎక్కువ కాదు. 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి దాదాపు 60 మందికి రక్తహీనత వుంది. అదే సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది వుండాల్సిన దానికంటే ఎక్కువ బరువున్నారు, 15 మంది వుండాల్సిన దానికంటే తక్కువ వున్నారు. ఈ అంకెలు చూసి, కొందరు మరీ ఎక్కువ తింటున్నారు, కొందరికి తిండి లేదు అనుకుంటాం. కానీ లావుగా వున్న తల్లికీ, బక్కగా వున్న కూతురికీ కంచంలో వున్నది ఒకటే. పాలిష్ పట్టిన బియ్యం, పల్చటి చారు, పచ్చడి, రెండు పూటలా చక్కెర వేసిన టీ. పప్పు వారంలో కొన్నాళ్ళు. గుడ్డు, చేప, మాంసం దొరికిన రోజున ముందు మగవాళ్ళకీ, మగపిల్లలకీ. ఒళ్ళు పెరిగినా రక్తం పెరగదు. లావుగా వున్నావిడకి పోషణ ఎక్కువైందనుకుని వైద్యులు సైతం ‘తిండి తగ్గించమ్మా’ అని పంపేస్తారు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థలో ఎన్నో ఏళ్ళు పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న ఈ సంగతి మీద ఎంతో రాశారు, ఎంతో వాదించారు. పేదవాళ్ళకి ఎంత తిండి కావాలన్న లెక్కని మన విధానకర్తలు చవగ్గా దొరికే బియ్యం, గోధుమల కేలరీలకి కుదించారని, పాలు, గుడ్లు, మాంసం వాళ్ళ హక్కు కానట్టు చూశారని ఆమె విమర్శ. ఆ విమర్శని ఆడపిల్ల కంచం దగ్గర పెట్టి చూడండి. అదే సంస్థ 2020లో సవరించిన పట్టికల ప్రకారం 16–18 ఏళ్ళ ఆడపిల్లకి రోజుకి 2,500 కేలరీలు, 32 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. అదే వయసు మగపిల్లాడికి కావలసిన ఇనుము 26. ప్రతి నెలా రక్తం పోయేది ఆడపిల్లకి కదా. మరి మన ఇళ్ళల్లో ‘ఎదిగే పిల్లాడు, వాడికి పెట్టు’ అన్న మాట వింటాం గానీ, ‘ఎదిగే పిల్ల’ అన్న మాట తిండి దగ్గర ఎప్పుడైనా విన్నారా? ‘ఎదిగిన పిల్ల’ అంటాం. అది తిండి దగ్గర అనే మాట కాదు. గుమ్మంలో నిలబడొద్దని చెప్పటానికి అనే మాట.

ఆడపిల్ల తిండిని ఇల్లంతా పట్టించుకునే సందర్భం ఒకటుంది. పెద్దమనిషి అయినప్పుడు. ఆ కొద్దిరోజులూ నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెడతారు, మినపసున్ని, నెయ్యి పెడతారు. బంధువులు ఒక్కో పూట ఒక్కొక్కరు తెచ్చి మరీ తినిపిస్తారు. ఆ ఆచారంలోని అంటూ, మైలా మీద మన విమర్శ మనకుంది. కానీ ఆ తిండి వెనక ఆడవాళ్ళ తెలివి వుందని నాకనిపిస్తుంది. పిల్లకి రక్తం పోతుంది, బలం కావాలి అని మన అమ్మమ్మలకి తెలుసు. విచిత్రమేమంటే ఆ తెలివి ఫంక్షన్‌తో సరి. తరవాతి నెలా రక్తం పోతుంది, ఆ తరవాతి నెలా పోతుంది. చిమ్మిలి మళ్ళీ రాదు.

ఇప్పుడైతే ఆ ఫంక్షన్ రూపమే మారింది. పల్నాడులో ఏ ఊరి సెంటర్‌లో చూసినా పన్నెండు, పదమూడేళ్ళ పిల్ల నిలువెత్తు ఫొటోతో ఫ్లెక్సీ. ఫొటో స్టూడియోవాళ్ళు కంప్యూటర్‌లో మొహం తెల్లగా చేస్తారు, నడుం దగ్గర కాస్త లోపలికి నొక్కుతారు. ఆ పిల్ల స్కూలుకి పోయేదారిలో తన ఫ్లెక్సీ కిందనించే పోవాలి. ఒకమ్మాయి నాతో, ‘ఫ్లెక్సీలో వున్న నాకంటే నేను నల్లగా వున్నానని క్లాసులో ఏడిపించారు మేడం’ అని చెప్పింది. తన బొమ్మతోనే తనకి పోలిక పెట్టారు.

నలుపు గురించి కాస్త ఆగి మాట్లాడాలి. మిరపచేలో కోతకి వెళ్ళే అమ్మాయిల్ని మీరు చూసే వుంటారు. పైన మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కా, తలకీ మొహానికీ తువ్వాలు, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. కారం ఘాటుకీ, పురుగుమందుకీ రక్షణ అని నేను అనుకునేదాన్ని. అది నిజమే. కానీ అమ్మాయిల్ని అడిగితే ముందుగా చెప్పేది, ‘నల్లబడతాం కదా’ అని. ఎండలో పనిచేస్తే వచ్చే రంగు అది. నీడపట్టున కూర్చునే కులాలకీ, ఎండలో పనిచేసే కులాలకీ మధ్య తేడాని మన సమాజం ఒంటి రంగు మీద చదువుతుంది. అందుకే పెళ్ళి ప్రకటనల్లో కులం పక్కనే ‘తెల్లగా, సన్నగా’ అని వుంటుంది. దళిత స్త్రీలు ఈ మాట ఎప్పుడో అన్నారు, మధ్యతరగతి స్త్రీవాదులం మనం ఆలస్యంగా విన్నాం. అందం గురించి మాట్లాడుతూ శ్రమని, కులాన్ని వదిలేస్తే మన మాట సగమే అవుతుంది.

నా సొంత సంగతి చెబుతాను. 1994లో సుస్మితా సేన్, ఐశ్వర్యా రాయ్ కిరీటాలు గెలిచినప్పుడు నాకు పదిహేనేళ్ళు. మా ఇంట్లో పేపర్‌లో వచ్చిన ఫొటోలు కత్తిరించి జామెట్రీ బాక్సు మూతకి అంటించుకున్నాను. ఆ బాక్సులోనే ఫెయిర్ అండ్ లవ్లీ ట్యూబు దాచుకునేదాన్ని. 1975 నుంచి అమ్మిన ఆ క్రీమ్‌కి 2020లో ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ అని పెట్టారు. 1996లో బెంగుళూరులో మిస్ వరల్డ్ పోటీలు జరుగుతుంటే మా ముందుతరం అక్కలు రోడ్ల మీదికి వచ్చారు. సంస్కృతి పాడవుతోందని అరిచినవాళ్ళు వేరే వున్నారు, వాళ్ళకీ ఆడవాళ్ళ ఒళ్ళు కప్పి వుంచటమే కావాలి. ఆ ఇద్దరి మధ్య తేడా చెప్పలేక అక్కలు ఎంత అవస్థ పడ్డారో నేను తరవాత చదువుకుని తెలుసుకున్నాను. అప్పట్లో మాత్రం, వీళ్ళకి అందంగా వుండేవాళ్ళంటే కుళ్ళు అనుకున్నాను. ఇవాళ్టి పిల్లలు మన గురించి అలా అనుకుంటే ఆశ్చర్యపోకండి.

ఎమ్మే చదివేటప్పుడు హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసిన ‘సవాలక్ష సందేహాలు’ చేతికొచ్చింది. మన స్త్రీవాద మిత్రులు తయారుచేసిన ఆరోగ్య పుస్తకం. బహిష్టు, తెల్లబట్ట, కాన్పు, రక్తహీనత, అన్నిటి గురించీ సిగ్గుపడకుండా, భయపెట్టకుండా చెప్పారు. నా ఒంటి గురించి ఎలా కనిపిస్తుంది అని కాక ఎలా పనిచేస్తుంది అని ఆలోచించటం నాకు అప్పుడు మొదలైంది. అప్పటికి ఇరవై ఒకటి నిండాయి. పదిహేనేళ్ళప్పుడు ఆ పుస్తకం ఎవరైనా ఇచ్చి వుంటే జామెట్రీ బాక్సులో ట్యూబు వుండేది కాదని చెప్పలేను. కనీసం రాత్రి అన్నం తినుండేదాన్నేమో.

2025 మేలో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదుకే వచ్చాయి. ములుగు జిల్లా రామప్ప గుడికి వచ్చిన పోటీదారుల కాళ్ళ మీద మన ఆడవాళ్ళ చేత నీళ్ళు పోయించి తుడిపించారు. దాని మీద పెద్ద గొడవే జరిగింది. ఆ ఫొటోలో కూర్చున్న అమ్మాయిలూ, వంగి కాళ్ళు తుడిచిన అమ్మాయిలూ ఇంచుమించు ఒకే వయసు వాళ్ళు. దాని గురించి ఇంకేం చెప్పక్కర్లేదు.

సినిమా సంగతి. చిర్రావూరు ఇక్కడికి ఎంతో దూరం కాదు. సావిత్రి ఆ ఊళ్ళో పుట్టింది. నిండుగా వున్న ఆమె మొహాన్ని ఒక తరం తెలుగువాళ్ళు తమ ఇంటి పిల్ల మొహంలా చూసుకున్నారు. అదే పరిశ్రమలోకి 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’తో వచ్చిన ఆర్తీ అగర్వాల్‌ని చూడండి. ఆమె ఒళ్ళు పెరిగినప్పుడల్లా పత్రికలు రాశాయి, జనం నవ్వారు. 2015 జూన్‌లో అమెరికాలో 31 ఏళ్ళకే చనిపోయింది. కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. ఆమె లావుని వెక్కిరించిన పత్రికలే సంతాపం రాశాయి. అదే సంవత్సరం నవంబరులో లావుగా వున్న అమ్మాయి కథానాయికగా ‘సైజ్ జీరో’ అనే తెలుగు సినిమా వచ్చింది. దాన్ని అమ్మాయిలకి చూపించి చర్చ పెట్టొచ్చు. నేను ఒకచోట పెట్టాను. బరువు తగ్గిస్తామని మోసం చేసే సెంటర్ల గురించి గంటసేపు ఆవేశంగా మాట్లాడారు. మాట్లాడి, భోజనాల దగ్గర సగం అన్నం వదిలేశారు.

ఇప్పుడు ఫోను. 2020లో కరోనా వచ్చి స్కూళ్ళు మూసినప్పుడు ఆన్‌లైన్ క్లాసుల పేరుతో ఈ ఊళ్ళల్లో అమ్మాయిల చేతికి ఫోను వచ్చింది. అది మంచికే వచ్చింది, ఫోను లాక్కోమని నేను చెప్పను. ఆడపిల్ల చేతిలోంచి ఏదైనా లాక్కోవటం మన సమాజానికి చాలా సులువు. కానీ ఆ కంపెనీల తీరు తెలియాలి. 2021లో ఫేస్‌బుక్ కంపెనీ లోపలి కాగితాలు బయటపడ్డాయి. తమ ఒంటి గురించి బాధపడుతున్న టీనేజి అమ్మాయిల్లో 32 శాతం మంది, ఇన్‌స్టాగ్రామ్ చూస్తే ఆ బాధ ఇంకా పెరుగుతోందని వాళ్ళ సొంత పరిశోధనలోనే చెప్పారు. తెలిసి కూడా నడిపారు. ఒక పిల్ల ఒకసారి ‘పొట్ట తగ్గాలంటే’ అని వెతికితే ఇక రోజూ పొట్ట గురించే వస్తుంది. ఉత్త నిమ్మరసంతో మూడు రోజులు, అన్నం లేకుండా ఇరవై రోజులు. ఆ మాటలు చెప్పేవాళ్ళు తెలుగులోనే, మన అక్కల్లాగే ‘అమ్మలూ’ అని పిలుస్తూ చెబుతారు. ఊళ్ళల్లో బరువు తగ్గే పొడి డబ్బాలు అమ్మేవాళ్ళు మరో పక్క. ఆ డబ్బాకి పెట్టే డబ్బుతో ఎన్ని రోజులకి గుడ్లు వస్తాయో ఆ పిల్లల చేతనే లెక్క కట్టించండి. నేను కట్టించాను. ఉపన్యాసం కంటే బాగా పనిచేస్తుంది.

బి.ఎం.ఐ. అనే లెక్క కూడా వాళ్ళ ఫోనుల్లో వుంది. బెల్జియం దేశపు గణితశాస్త్రజ్ఞుడు కేట్లే 1830లలో జనాభా సగటు మనిషిని కనుక్కోవటానికి వేసిన లెక్క అది. ఒక్కొక్క మనిషి ఆరోగ్యం తేల్చటానికి కాదు. పైగా ఎదిగే పిల్లలకి వయసు బట్టి వేరే పట్టికలుంటాయి. పెద్దవాళ్ళ అంకె పద్నాలుగేళ్ళ పిల్లకి పెట్టి నువ్వు ఎక్కువ, నువ్వు తక్కువ అనకూడదు. మన హెల్త్ క్యాంపుల్లో మనమే ఆ పని చేస్తున్నాం. క్లాసులో అందరి ముందూ కాటా పెట్టి, బరువు గట్టిగా చదివి, ఇంకొకరు రాసుకోవటం. మిరపకాయ టిక్కీలు తూచినట్టు. దయచేసి అది మానేద్దాం. తెర వెనక తూచండి, అంకె ఆ పిల్లకి మాత్రమే చెప్పండి. దానికి ఖర్చేం కాదు.

ఇక వ్యాయామం. చలం ‘స్త్రీ’లో ఆడవాళ్ళ శరీరానికి వ్యాయామం కావాలని అన్నాడు. చలం గురించి తగువులాడే మనం తక్కినవన్నీ గుర్తుపెట్టుకున్నాం గానీ ఆ మాటని సరిగా పట్టించుకోలేదు. మన పిల్లలు ఆరేడు తరగతుల దాకా ఖోఖో, కబాడీ ఆడతారు. తరవాత ఆగిపోతుంది. ఎవరూ వద్దని చెప్పరు కూడా. గ్రౌండు చుట్టూ మగపిల్లలు నిలబడతారు, మరుగుదొడ్డి వుండదు, వున్నా నీళ్ళుండవు, బహిష్టు రోజుల్లో మార్చుకోవటానికి చోటుండదు. ఇంటర్ ప్రైవేటు హాస్టళ్ళల్లో అయితే గ్రౌండే లేదు. పొద్దున అయిదింటి నుంచి రాత్రి పది దాకా కుర్చీ. అలా కూర్చోబెట్టి, ఆదివారం వచ్చిన తల్లితో ‘మీ అమ్మాయి లావవుతోంది’ అంటారు. నడవమని మనం చెబుతాం. ఎక్కడ నడవాలి? పొద్దున్నే రోడ్డు మీద ఒంటరిగా నడిచే పదహారేళ్ళ పిల్లని ఈ ఊళ్ళో ఎవరూ ఆరోగ్యం కోసం నడుస్తోంది అనుకోరు.

శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ స్త్రీ. ఆ వీడియో చూపిస్తే అమ్మాయిలు మొదట ఆమె భుజాల గురించి మాట్లాడతారు, ‘మగవాళ్ళలా’ అంటారు. ఇంకోసారి చూపించండి. బరువు పైకి లేపి నిలబడ్డ ఆ క్షణం ఆమె మొహం చూడమనండి. మూడోసారికి ఒకమ్మాయి, ‘మా అమ్మ బస్తా ఎత్తినప్పుడు ఇలాగే వుంటది మేడం’ అంది. నేను రాసుకొచ్చిన ఉపన్యాసం పక్కన పెట్టేశాను.

తల్లుల మాట వచ్చింది కనక చెప్పాలి. మన మీటింగుల్లో తల్లుల్ని దోషుల్ని చేయటం తేలిక. కొడుక్కి గుడ్డు పెట్టి కూతురికి పెట్టదనీ, లావైపోతున్నావని సతాయిస్తుందనీ. నేను చెప్పిన పిల్ల తల్లిని అడిగాను. ‘సన్నగా వుంటే కట్నం కాస్త తగ్గుద్దేమో అనుకున్నానమ్మా. పొలం లేదు, రంగు లేదు. ఒళ్ళైనా అదుపులో వుంటే ఎవరో ఒకరు చేసుకుంటారని’ అంది. ఆమెకి లెక్క తెలుసు. ఆ సర్వే సమయానికి మన రాష్ట్రంలో 20–24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయింది. పెళ్ళి బజారు వున్నంతకాలం ఆ తల్లి లెక్క తప్పని నేను ఎలా చెప్పను? పిల్ల చదువు పూర్తయి చేతికి జీతం వస్తుందన్న ఆశ వున్న ఇళ్ళల్లో ఆ పిల్ల కంచం మారటం నేను చూశాను.

చేయదగినవి కొన్ని మన చేతిలో వున్నాయి. బడిలో మధ్యాహ్న భోజనం, గుడ్డు, చిక్కీ వున్నాయి. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కూడా డొక్కా సీతమ్మ గారి పేరుతో భోజనం మొదలైంది. సరిగ్గా పిల్లలు తిండి మానేసే వయసులో వచ్చిన పథకం కనక దాన్ని కాపాడుకోవాలి. ఎంతమంది తింటున్నారు, ఎవరు వదిలేస్తున్నారు, ఎందుకు వదిలేస్తున్నారు అని మనం వెళ్ళి చూడాలి. వారానికొకటి ఇచ్చే నీలిరంగు ఇనుము మాత్రని చాలామంది కిటికీలోంచి పారేస్తారు. మాత్ర వేసుకుంటే లావవుతారని, పిల్లలు పుట్టరని పుకార్లు. కడుపులో తిప్పుతుందనీ, విరోచనం నల్లగా అవుతుందనీ ముందే చెబితే భయపడరు. ఏదైనా తిన్నాక వేసుకోమని, టీ మాత్రం వెంటనే తాగొద్దని, నిమ్మకాయో ఉసిరికాయో తోడు పెట్టుకోమని చెప్పండి. ఇంతకంటే పెద్ద వైద్యం మనకి అక్కర్లేదు. కానీ ఒక పిల్ల తిన్నది కావాలని కక్కేస్తోందన్నా, నెలల తరబడి బహిష్టు రాలేదన్నా, కళ్ళు తిరిగి పడిపోతోందన్నా మన కౌన్సెలింగ్‌తో సరిపెట్టకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మనసు బాగాలేదంటే 14416కి ఫోన్ చేయొచ్చు, 2022 నుంచి నడుస్తున్న ప్రభుత్వ టెలీ మానస్ నంబరు అది, తెలుగులో మాట్లాడతారు.

ఆ పిల్ల ఇప్పుడు గుంటూరులో నర్సింగ్ చదువుతోంది. రక్తం పదకొండుకి వచ్చింది, ఇంకా పన్నెండు కాలేదు. మొన్న ఫోన్ చేసి, ఈ సమావేశానికి వస్తున్నానంటే, ‘మా గురించి చెబుతారు సరే, మీ బరువెంతో కూడా చెప్పండి మేడం’ అంది. మూడేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో మేం అందరి బరువులూ తూచి, మాది మాత్రం తూచుకోకుండా వచ్చేశాం, అది గుర్తుపెట్టుకుంది. చెబుతానని మాటిచ్చాను. డెబ్భై మూడు కిలోలు. హిమోగ్లోబిన్ పది పాయింట్ ఆరు. ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను.